మూడో తీగకే ఎందుకంత పేచీ?

కొత్త తీగలు వేసిన రోజే గిటార్ ఎక్కువ సతాయిస్తుంది. ఒక్క పాట పూర్తయ్యేలోపు రెండుసార్లు పెగ్గులు, అంటే తీగల్ని బిగించే మరలు, తిప్పాలి. "తీగ సాగుతోంది, రేపటికి సర్దుకుంటుంది" అంటారు వాయించేవాళ్లు. సర్దుకునే మాట నిజమే. సాగే మాటే సగం నిజం. ఉక్కు సాగేది కొంచెమే. పెగ్గు మీద వదులుగా ఉన్న చుట్లు బిగుసుకోవడం, తీగ చివరి గుండు బ్రిడ్జి (గిటార్ పెట్టె మీద తీగలు ఆనే ఆధారం) దగ్గర కుదురుకోవడం, ఎక్కువగా జరిగేది ఇదే.

ఆ కాస్త కదలికకే శ్రుతి ఎంత దిగుతుందో లెక్క వేసి చూస్తే నాకే ఆశ్చర్యం వేసింది. నట్ (మెడ పైచివర తీగలు ఆనే గాళ్ల పట్టీ) నుంచి బ్రిడ్జి దాకా తీగ పొడవు దాదాపు 65 సెంటీమీటర్లు. అన్నిటికన్నా సన్నదైన ఒకటో తీగ సెకనుకు 330 సార్లు కంపించాలంటే ఆ పొడవులో సుమారు నాలుగున్నర మిల్లీమీటర్లు సాగి ఉండాలి. ఎలక్ట్రిక్ గిటార్ మీది మూడో తీగకు 196 కంపనాలు చాలు, కాబట్టి అది సాగేది 1.6 మిల్లీమీటర్లే. ఇప్పుడు రెండూ కాగితం మందమంత, అంటే 0.1 మిల్లీమీటరు, జారాయనుకోండి. మెడ మీద అడ్డంగా ఉండే కడ్డీలు ఫ్రెట్లు; పక్కపక్క ఫ్రెట్ల మధ్య ఉండే శ్రుతి తేడాలో ఒకటో తీగ అయిదో వంతు దిగుతుంది. తక్కువ సాగి ఉన్న మూడోది ఏకంగా సగం దిగిపోతుంది. తీగల కంపెనీని తిట్టుకునే ముందు ఈ లెక్క గుర్తుంచుకోవాలి.

అకౌస్టిక్ గిటార్ మీద ఈ పేచీ అంతగా ఉండదు. అక్కడ మూడో తీగ సాధారణంగా చుట్టు తీగ. లోపల సన్నటి ఉక్కు, దాని మీద కంచు చుట్టు. బిగువంతా లోపలి ఉక్కే మోస్తుంది, బరువు చుట్టు ఇస్తుంది. సన్నటి ఉక్కు బాగా సాగి ఉంటుంది కాబట్టి చిన్న జారుడుకు చలించదు. అంత బిగువులో ఉండే తీగ తెగడానికీ దగ్గరే మరి.

"లావు తీగ వేస్తే తెగదు, శ్రుతీ నిలుస్తుంది" అనే సలహా దుకాణాల్లో తరచూ వినిపిస్తుంది. లావు పెరిగితే తీగ మీద లాగుడు పెరుగుతుంది, ఆ లాగుడును పంచుకునే ఉక్కూ అదే నిష్పత్తిలో పెరుగుతుంది. అందుకని చుట్టులేని ఉక్కు తీగ ఎంత సన్నదైనా, లావైనా, ఒకే పొడవులో ఒకే స్వరం దగ్గర లోహం మీద ఒత్తిడి దాదాపు ఒక్కటే. లావు తీగతో లాభం వేరే చోట ఉంది. గట్టిగా మీటినా, వేలితో గట్టిగా నొక్కినా అది అంత తేలిగ్గా పక్కకు జరగదు. చెయ్యి బరువున్నవాళ్లకు అది పనికొస్తుంది.

మన్నిక సంగతి పూర్తిగా వేరు, దాని శత్రువు చెమట. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో ఉప్పుగాలి కూడా తోడవుతుంది. చుట్టుల సందుల్లో ఉప్పు, నూనె, చర్మపు పొట్టు చేరితే తీగ బరువు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అవుతుంది. అప్పుడు వేలు పెట్టని ఖాళీ తీగ ట్యూనర్‌లో (శ్రుతి చూపే పరికరంలో) సరిగ్గానే చూపిస్తుంది, పన్నెండో ఫ్రెట్ దగ్గర నొక్కితే తేడా కొడుతుంది. అలాంటి తీగను ఎంత శ్రుతి చేసినా ప్రయోజనం లేదు, మార్చడమే. పాత తీగల్ని నీళ్లలో మరిగించేవాళ్లూ ఉన్నారు. మురికి వదిలి కొద్దిరోజులు మెరుస్తాయి, తుప్పు మాత్రం వెనక్కి పోదు.

చెమట చేతులవాళ్లకు నా ఓటు పాలిమర్ పూత ఉన్న తీగలకే. ధర ఎక్కువ, మోతలో మెరుపు కాస్త తక్కువ, కానీ చాలాకాలం వస్తాయి. పూత నచ్చకపోతే ఫాస్ఫర్ బ్రాంజ్ (ఫాస్ఫరస్ కలిపిన కంచు) చుట్టు ఉన్న తీగలు తీసుకోవచ్చు. అకౌస్టిక్ గిటార్‌కు దాన్ని 1974లో తీగలు చేసే డాడారియో కంపెనీ తెచ్చింది. 80/20 బ్రాంజ్ అని అమ్మేది నిజానికి రాగి, జింకు కలిసిన ఇత్తడి. మొదట్లో గణగణ మోగుతుంది, తొందరగా మొద్దుబారుతుంది.

క్లాసికల్ గిటార్ నైలాన్ తీగలు మాత్రం నిజంగానే సాగుతాయి, రోజుల తరబడి. వాటికి ఓపికే మందు.

ఏ తీగైనా పెగ్గు మీద రెండు మూడు చుట్లు, ఒకదాని పక్కన ఒకటి బిగువుగా ఉంటే చాలు. నట్ గాడిలో పెన్సిల్ ముక్కు రుద్దితే ఆ గ్రాఫైట్ వల్ల తీగ పట్టేయకుండా జారుతుంది. శ్రుతి ఎప్పుడూ కింది నుంచి పైకి చేయాలి, దాటిపోతే బాగా దించి మళ్లీ ఎక్కించాలి.

ఇన్ని చేసినా ఎండలోంచి ఏసీ హాల్లోకి వెళితే తీగ చల్లబడి బిగుస్తుంది, శ్రుతి పైకి పోతుంది. అప్పుడూ ఎలక్ట్రిక్ గిటార్‌లో ఎక్కువ పోయేది ఆ మూడో తీగే. అందుకే కచేరీకి అరగంట ముందే గిటార్‌ను పెట్టెలోంచి తీసి స్టేజి పక్కన నిలబెడతారు.