ఒంట్లో మంట ఆపే జీన్లని ఎలా పట్టుకున్నారంటే

మా గోదావరి జిల్లాల్లో బోదకాలు మాత్రలు పంచేటప్పుడు "మింగితే జ్వరం వస్తదండీ, మాకొద్దండీ" అనే మాట తప్పకుండా వినపడుద్ది. నిజానికి ఆ జ్వరం చాలావరకు మాత్రది కాదండీ, రక్తంలో తిరిగే ఫైలేరియా పురుగు పిల్లలు ఒక్కసారిగా చచ్చి వాటి లోపలి సరుకంతా బయటపడితే, వాటిలో కాపురముండే వోల్బాకియా బ్యాక్టీరియాతో సహా, మన రక్షణ కణాలు చూసి రెచ్చిపోతాయి, ఒంట్లో మంట (ఇన్‌ఫ్లమేషన్) అంటే ఇదే, అందుకే ఒంట్లో పురుగులు ఎక్కువున్నోళ్ళకే జ్వరం ఎక్కువ.

ఇలా పుట్టుకతో వచ్చే రక్షణనే ఇన్నేట్ ఇమ్యూనిటీ అంటారు. భీమవరం చెరువుల్లో వనామీ రొయ్యకి ఇదొక్కటే దిక్కు, దానికి యాంటీబాడీలే ఉండవు. మనకి అవీ ఉన్నాయి గానీ ముందు పరిగెత్తేది మాత్రం ఇదే. సరే, పరిగెత్తాక ఆపేదెవరు? నాకు ఈ సబ్జెక్టులో అన్నిటికన్నా ముఖ్యమనిపించే ప్రశ్న ఇదే.

చెరువు గట్టున ఏ ఫ్యూజు ఏ ఏరియేటర్‌దో తెలీకపోతే ఒక్కోటి పీకి ఏది ఆగిందో చూస్తాం కదా, జెనెటిక్ స్క్రీనింగ్ అంటే అదే పని, జీన్లతో. ముందే ఫలానాదని ఊహించక్కర్లేదు. 1996లో జూల్స్ హాఫ్‌మన్ టీమ్ టోల్ అనే జీన్ చెడిన పండ్ల ఈగలు ఫంగస్‌కి చచ్చిపోతున్నాయని చూపించింది. 1998లో బ్రూస్ బాయిట్లర్ టీమ్, బ్యాక్టీరియా పైపొరలో ఉండే ఎల్‌పీఎస్ ఎంత ఎక్కించినా చలించని ఎలుకల్లో, టోల్‌ని పోలిన టీఎల్ఆర్4 జీన్‌లో ఒక్క అక్షరం తప్పుందని కనిపెట్టింది. 2011లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

తర్వాత కావాల్సిన జీన్‌ని కత్తిరించే క్రిస్పర్ పద్ధతి వచ్చి పని మారిపోయింది. 2015లో అమెరికాలో బ్రాడ్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ వాళ్ళు ఏం చేశారంటే, ఎలుక ఎముక మూలుగ నించి డెండ్రిటిక్ కణాలనే రక్షణ కణాలు పెంచి, ఏ జీన్ కోయాలో చూపించే గైడ్ ఆర్‌ఎన్‌ఏలు వైరస్ ద్వారా పంపి, ఒక్కో కణంలో ఒక్కో జీన్ తెగేలా మొత్తం 20 వేలకి పైగా జీన్లని పరీక్షించారు. ఎల్‌పీఎస్ పోసి, మంట పెంచే టీఎన్ఎఫ్ ప్రోటీన్ కణం దాటి పోకుండా ఆపి, దానికి మెరిసే రంగు పట్టించి, బాగా మెరిసినవి ఒక పక్క, మసగ్గా ఉన్నవి ఒక పక్క మెషిన్‌తో వేరు చేసి, ఏ గుంపులో ఏ గైడ్‌లు ఎక్కువున్నాయో సీక్వెన్స్ చేసి చదివారు. మసక గుంపులో, మంట రాజేస్తాయని ముందే తెలిసిన టీఎల్ఆర్4, మైడ్88 లాంటి జీన్ల పేర్లే వచ్చాయి, అంటే పద్ధతి సరిగ్గా పనిచేస్తోందన్నమాట.

నన్ను పట్టేసింది బాగా మెరిసిన గుంపు. జీన్ తెగ్గానే టీఎన్ఎఫ్ పెరిగిపోయిందంటే అది మంట ఆపే జీన్. అందులో ఏ20 అనే జీన్ ఉంది, ఇది లోపలికొచ్చే సిగ్నల్‌ని కట్ చేస్తది. జడ్‌ఎఫ్‌పీ36 కూడా ఉంది, దాని ప్రోటీన్ టీఎన్ఎఫ్ తయారీకి వాడే జీన్ నకలు, ఎంఆర్‌ఎన్‌ఏనే ముక్కలు చేయిస్తది. ఇవి గిన్నెలో పెంచిన ఎలుక కణాల ముచ్చట్లే అని తీసిపారేయకండి, 2016లో ఏ20 జీన్ ఒక కాపీ చెడిన కుటుంబాలు బయటపడ్డాయి, చిన్నతనం నించే నోట్లో పుళ్ళు, మాటిమాటికీ జ్వరాలు, కీళ్ళనొప్పులు, అంత బాధపడేది ఎందుకో ఏళ్ళ తరబడి తెలీనోళ్ళు ఉన్నారు. కారణం తెలిశాక కొందరికి టీఎన్ఎఫ్‌ని అడ్డుకునే ఇంజెక్షన్లు ఇవ్వగలుగుతున్నారు.

కానీ టీఎన్ఎఫ్‌ని పూర్తిగా నొక్కేసినా కష్టమే, ఒంట్లో నిద్రపోతున్న టీబీ క్రిములు లేచి కూర్చోవచ్చు, అందుకే ఆ ఇంజెక్షన్ మొదలెట్టే ముందు డాక్టర్లు టీబీ టెస్ట్ చేయిస్తారు. మీ ఇంట్లో ఎవరికైనా కీళ్ళవాతానికి అది రాస్తే ఆ టెస్ట్ మాత్రం ఎగ్గొట్టనివ్వకండి.