రెండు నదుల నీరు ఎదురొచ్చే ఏలూరు కాలువ

గోదావరి కుడిగట్టున విజ్జేశ్వరం దగ్గర బయలుదేరిన నీరు నిడదవోలు, తాడేపల్లిగూడెం మీదుగా పడమరకు వస్తుంది. బెజవాడలో కృష్ణ నుంచి బయలుదేరిన నీరు తూర్పుకు వస్తుంది. రెండూ ఏలూరులో కలుసుకుంటాయి. సుమారు 140 కిలోమీటర్ల ఈ దారిని ఒకే కాలువగా చెప్పుకుంటున్నా, నిజానికి ఇది ఒకదానికొకటి ఎదురొచ్చే రెండు కాలువలు.

ఇందుకు కారణం నేల వాటంలోనే ఉంది. వరద వచ్చినప్పుడల్లా నది బరువైన ఇసుకను తన ఒడ్డునే దించి, సన్నని ఒండ్రును దూరం మోసుకుపోతుంది కాబట్టి డెల్టాలో ఏటి ఒడ్డు మెరక, ఏటికి దూరమైనకొద్దీ పల్లం. గోదావరి మేట వేసిన నేలకూ కృష్ణ మేట వేసిన నేలకూ నడుమ మిగిలిపోయిన పల్లమే కొల్లేరు. ఆ సరస్సులో దిగబడకుండా కాలువ దానికి ఉత్తరంగా, మెట్ట వచ్చి డెల్టాను తాకే అంచు పట్టుకుని సాగుతుంది. మెట్ట నుంచి కొల్లేటికి దిగే ఏళ్లు దానికి అడ్డం పడక తప్పదు. అందుకే బెజవాడ పక్కనున్న ఎనికేపాడు దగ్గర బుడమేరును కాలువ అడుగున కట్టిన సొరంగం గుండా అవతలికి పంపారు.

ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసింది. బెజవాడ ఆనకట్ట 1855కు పూర్తయింది. సరుకు రవాణాకు రైలు కన్నా కాలువే చవక అని వాదించిన ఆర్థర్ కాటన్, నీటిపారుదల కాలువల మీదే పడవలూ నడవాలని పట్టుబట్టారు. ఈ రెండు పనులకూ పొత్తు కుదర్చడం అంత తేలిక కాదు. చేలకు నీరు చురుగ్గా పారాలి, ఎదురెక్కే పడవకేమో ప్రవాహం నెమ్మదిగా ఉండాలి. అందుకని కాలువకు వాలు తక్కువగా ఉంచి, మిగిలిన దింపునంతా లాకుల దగ్గర, అంటే పడవను ఒక మట్టం నుంచి మరో మట్టానికి చేర్చే తలుపుల గదుల దగ్గర పోగుచేశారు.

లాకు తలుపులు రెండూ నేరుగా మూసుకోవు. పై నీటి వైపు మొన తేలి కలుస్తాయి. పైనున్న నీరు ఎంత గట్టిగా నెడితే అవి అంత బిగుసుకుంటాయి. పడవ గదిలోకి వచ్చాక వెనక తలుపులు మూసి, చిన్న తూములు ఎత్తితే, పడవ నీటితోపాటు మెల్లగా లేస్తుంది. గదిలో మట్టం పై మట్టంతో సమానమయ్యేదాకా ముందు తలుపులను ఎందరు కలిసి తోసినా కదలవు. సమానమైతే కొద్దిమంది చాలు.

కాకినాడ సరుకు కాలువల మీద చెన్నపట్నం చేరాలంటే అప్పట్లో ఇదే దారి. ధవళేశ్వరం దాకా 50 కిలోమీటర్ల కాలువ, గోదావరి దాటి ఈ ఏలూరు కాలువ, కృష్ణ దాటి పెదగంజాం వరకు కొమ్మమూరు కాలువ, అక్కడి నుంచి తీరం వెంట బకింగ్‌హాం కాలువ. విజ్జేశ్వరంలో వాలున వదిలిన పడవ ఏలూరు దాకా నీటితోపాటు వచ్చేది. అక్కడి నుంచి బెజవాడకు కృష్ణ నీరు ఎదురు. గాలి తోడురాని రోజున పడవవాళ్లు గట్టెక్కి, తాడు భుజాన వేసుకుని లాగవలసి వచ్చేది.