నీడగడియారాన్ని వాచీకి సరిపెట్టకండి: అపోహలు – వాస్తవాలు

నీడగడియారాలను వెతికి, కొలిచి, నమోదు చేసి, వీలైనచోట పాడవకుండా కాపాడే ఒక సంఘంలో నేను పనిచేస్తున్నాను. మా సంఘానికి వచ్చే ఉత్తరాలలోనూ ఫోన్లలోనూ అధిక భాగం ఒకే మాటతో మొదలవుతాయి: "మా నీడగడియారం తప్పు చూపిస్తోంది, ఎటు తిప్పాలో చెప్పండి." అడిగిన తరువాత తిప్పుదామనుకునేవారు నయం, చాలామంది తిప్పేసిన తరువాతే అడుగుతారు. ఎండావానలూ తుప్పూ దొంగలూ కలిసి చేసిన నష్టం ఒక ఎత్తు, మంచి ఉద్దేశంతో మనుషులు చేసిన ఈ సర్దుబాటు ఒక్కటీ ఒక ఎత్తు. అందుచేత ఇక్కడ ఎక్కువ చోటు ఈ అపోహకే ఇచ్చి, మిగిలినవాటిని త్వరగా ముగిస్తాను.

అపోహ: నీడ చూపే సమయం వాచీతో కలవకపోతే గడియారంలో దోషం ఉన్నట్టే; కలిసేదాకా దాన్ని తిప్పాలి.

వాస్తవం: సరిగా అమర్చిన నీడగడియారం ఏడాదిలో చాలా రోజులు వాచీతో కలవదు, కలవకూడదు కూడా. అది చూపేది తాను నిలిచిన చోటి సౌర కాలం. వాచీ చూపేది ఒక విశాలమైన ప్రాంతమంతటికీ కలిపి మనుషులు నిర్ణయించుకున్న ప్రామాణిక కాలం. ఈ రెండింటి మధ్య తేడాకు ప్రధానంగా రెండు కారణాలున్నాయి. మొదటిది రేఖాంశం: ప్రామాణిక రేఖాంశానికి ఒక్కో డిగ్రీ పడమరకు జరిగినకొద్దీ సూర్యుడు నాలుగేసి నిమిషాలు ఆలస్యంగా మధ్యాహ్నరేఖకు (ఉత్తర దక్షిణాలను నడినెత్తి మీదుగా కలిపే ఊహారేఖకు) వస్తాడు, తూర్పుకు జరిగితే అంతే ముందుగా వస్తాడు. ఈ తేడా ఆ చోటికి ఎప్పటికీ ఒక్కటే. రెండవది కాల సమీకరణం: భూకక్ష్య దీర్ఘవృత్తం కావడం వల్లనూ, భూమి అక్షం 23.4 డిగ్రీలు వాలి ఉండడం వల్లనూ, ఒక మధ్యాహ్నం నుంచి మరుసటి మధ్యాహ్నం దాకా పట్టే కాలం ఏడాది పొడవునా సమానంగా ఉండదు. రోజుకు కొద్ది సెకన్ల చొప్పున ఆ తేడాలు పోగుపడి, ఫిబ్రవరి రెండవ వారానికి నీడ, ఏడాది పొడవునా సమానంగా నడిచే సగటు కాలం కంటే సుమారు 14 నిమిషాలు వెనకబడుతుంది. నవంబరు మొదటి వారానికి 16 నిమిషాలకు పైగా ముందుంటుంది. ఏప్రిల్ 15, జూన్ 13, సెప్టెంబరు 1, డిసెంబరు 25 తేదీల దగ్గర మాత్రమే ఈ రెండవ తేడా సున్నా అవుతుంది. వేసవిలో గడియారాలను గంట ముందుకు జరిపే దేశాలలో ఆ గంటను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

దీనికి జైపూరు జంతర్ మంతర్ కంటే మంచి ఉదాహరణ లేదు. సవాయీ జయసింహుడు 18వ శతాబ్దంలో కట్టించిన అక్కడి పెద్ద సామ్రాట్ యంత్రం సుమారు 27 మీటర్ల ఎత్తున్న నీడగడియారం. దాని కొలబద్దను రెండేసి సెకన్ల విభాగాలుగా గీశారు. జైపూరు 75.8 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది, భారత ప్రామాణిక కాలమేమో 82.5 డిగ్రీల రేఖాంశానిది. కాబట్టి ఒక్క రేఖాంశం వల్లనే ఆ యంత్రం మన వాచీ కంటే దాదాపు 27 నిమిషాలు వెనక ఉంటుంది. దానికి కాల సమీకరణాన్ని కలిపితే ఫిబ్రవరి రెండవ వారంలో ఆ వెనకబాటు 41 నిమిషాలకు పెరుగుతుంది, నవంబరు మొదటి వారంలో సుమారు 10 నిమిషాలకు తగ్గుతుంది. ఫిబ్రవరిలో ఎవరైనా ఆ 41 నిమిషాలనూ సరిచేశామని సంతోషిస్తే, నవంబరు వచ్చేసరికి అదే యంత్రం అరగంట ముందుకు పరుగెడుతుంది. అదృష్టవశాత్తూ అది చేత్తో తిప్పగలిగిన వస్తువు కాదు. తోటలో రాతి దిమ్మె మీద నాలుగు మరలతో బిగించిన ఇత్తడి ఫలకానికి ఆ రక్షణ లేదు.

తిప్పినప్పుడు నిజంగా జరిగేది ఏమిటో చూడాలి. శంకువు, అంటే ఫలకం మీద నీడ వేసే భాగం, భూమి అక్షానికి సమాంతరంగా ఉన్నంతకాలమే ఒక గంట గీత అన్ని ఋతువులలోనూ అదే గంటను చూపుతుంది. ఆ ఏర్పాటు వెనక ఉన్న జ్యామితి అంతా ఈ ఒక్క నియమం మీదే నిలిచి ఉంది. ఫలకాన్ని శంకువుతో సహా పక్కకు తిప్పిన మరుక్షణం శంకువు ధ్రువం వైపు చూడడం మానేస్తుంది. అప్పుడు పదిన్నరకు వాచీతో కలిసిన నీడ మూడింటికి కలవదు, ఈ నెల మూడింటికి ఉన్న తప్పు వచ్చే నెల మూడింటికి ఉండదు. ఏ పట్టికతోనైనా సరిచేసుకోగలిగిన తేడాను, సులభంగా ఏ పట్టికకూ లొంగని తప్పుగా మార్చినట్టవుతుంది. శంకువును మాత్రమే వంచేవారు మరింత హాని చేస్తారు, ఎందుకంటే పాత ఇత్తడి వంగేటప్పుడు అతుకు దగ్గర పగులుతుంది. ఆ పగులులో నీరు చేరిన తరువాత మా చేతుల్లో ఉండేది తక్కువ.

ఒక తోట సంరక్షకుణ్ణి నేను తరచు తలుచుకుంటాను. ఋతువు మారినప్పుడల్లా ఫలకాన్ని వాచీకి సరిపెట్టడం తన విధి అని ఆయన నమ్మారు, ఎంతో శ్రద్ధగా ఆ పని చేశారు కూడా. మేము వెళ్ళేసరికి మరల రంధ్రాలు కోలగా అరిగిపోయి ఫలకం వదులుగా కదులుతోంది. అసలు అమరిక ఏదో ఫలకాన్ని చూసి చెప్పే వీలు లేకపోయింది. దాన్ని ఎత్తి చూస్తే దిమ్మె మీద మొదటి మరల తాలూకు సీసపు పూడికలు చెక్కుచెదరకుండా ఉన్నాయి, వాటి ఆధారంగా పాత దిశ తిరిగి దొరికింది. అన్ని చోట్లా అలా దొరకదు. ఆయన మాత్రం నేరం చేసినవాడిలా నిలబడ్డారు. ఆయనను తప్పుపట్టడానికి మాకు మనసొప్పలేదు. ఆ గడియారం పక్కన కాల సమీకరణపు పట్టిక ఒకటి తగిలించి ఉంటే ఆయన ఆ శ్రమ పడేవారే కాదు. తప్పెవరిదైనా ఉంటే, "తిప్పితే సరిపోతుంది" అని నోటిమాటగా ప్రచారం చేసేవారిది.

ఇక్కడ ఒక మినహాయింపు చెప్పడం న్యాయం. విషువ నీడగడియారాలలో, అంటే గంటల వలయం భూమధ్యరేఖా తలానికి సమాంతరంగా ఉండేవాటిలో, గంటల గీతలు 15 డిగ్రీల సమాన దూరాలలో ఉంటాయి కనుక, గంటల వలయాన్ని శంకువు చుట్టూ జరిపి రేఖాంశపు తేడానూ, ఆ రోజు కాల సమీకరణాన్నీ సవరించుకోవచ్చు. 20వ శతాబ్దం మొదట్లో వచ్చిన పిల్కింగ్టన్-గిబ్స్ హీలియోక్రోనోమీటరు వంటి పరికరాలను అందుకు అనుగుణంగానే తయారుచేశారు. ఆ సవరణలో కూడా శంకువు కదలదు. క్షితిజ సమాంతర ఫలకాలకూ గోడ గడియారాలకూ ఈ వెసులుబాటు లేదు.

కాబట్టి చేయవలసింది ఇంతే: మీ రేఖాంశపు తేడాను ఒకసారి లెక్కగట్టి, ఆ రోజు కాల సమీకరణంతో కలిపి, నీడ చూపిన సమయానికి ఆ మొత్తాన్ని కూడండి లేదా తీసివేయండి. వచ్చిన జవాబు వాచీకి ఒకటి రెండు నిమిషాల తేడాలో ఉంటే మీ గడియారం ఆరోగ్యంగా ఉంది. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం మూడు వేళల్లోనూ, నెలల తేడాతోనూ ఈ పరీక్ష చేసిన తరువాత కూడా పెద్ద తేడా మిగిలితే, అప్పుడు మాత్రమే అమరికను అనుమానించాలి. అప్పుడు కూడా మొదట ఫోటోలు తీయాలి, కొలతలు రాసుకోవాలి; మర విప్పడం చివరి పని. యాంత్రిక గడియారాలు వచ్చిన తరువాత కూడా చాలాకాలం వాటిని నీడగడియారాలతోనే సరిచూసుకునేవారనీ, గడియారపు పెట్టె లోపల కాల సమీకరణపు పట్టిక అతికించే ఆచారం ఉండేదనీ గుర్తుంచుకుంటే, ఏది దేనికి సరిపెట్టవలసిన వస్తువో కొంత స్పష్టమవుతుంది.

అపోహ: దిక్సూచి పెట్టి ఉత్తరానికి అమర్చితే చాలు.

వాస్తవం: దిక్సూచి చూపేది అయస్కాంత ఉత్తరం. శంకువుకు కావలసింది భౌగోళిక ఉత్తరం. రెండింటి మధ్య కోణం చోటును బట్టి, కాలాన్ని బట్టి మారుతుంది. దగ్గరలో ఇనుప కంచె ఉంటే దిక్సూచి మాట అసలే నమ్మకూడదు. సూర్యుణ్ణే ఆధారం చేసుకోవడం మేలు: మీ చోట సూర్యుడు మధ్యాహ్నరేఖను దాటే క్షణాన్ని ముందుగా లెక్కగట్టి, ఆ క్షణంలో బరువు కట్టి వేలాడదీసిన తాడు నీడ పడిన గీతను గుర్తిస్తే అదే ఉత్తర దక్షిణ రేఖ.

అపోహ: నీడగడియారం ఎక్కడ పెట్టినా పనిచేస్తుంది.

వాస్తవం: ఈ అపోహకు రెండువేల ఏళ్ళకు పైగా వయసుంది. క్రీ.పూ. 263లో రోమన్లు సిసిలీలోని కటానియా నుంచి ఒక నీడగడియారాన్ని యుద్ధపు కొల్లగా తెచ్చి రోము నగరంలో నిలిపారు. రోము అక్షాంశం కటానియా కంటే నాలుగు డిగ్రీలకు పైగా ఉత్తరం. దాని గీతలు అక్కడి నీడకు సరిపోవు. అయినా 99 ఏళ్ళపాటు ఆ నగరం దాన్నే అనుసరించిందని ప్రాచీన రోమన్ రచయిత ప్లినీ నమోదు చేశాడు. ఈనాటి క్షితిజ సమాంతర ఫలకాన్ని వేరే అక్షాంశానికి తీసుకువెళితే, అక్షాంశాల తేడా ఎంతో అంత కోణంలో అడుగున చీలిక దూర్చి వాల్చితే సరిపోతుంది. దక్షిణార్ధగోళానికి తీసుకువెళితే అది కూడా పనికిరాదు, అక్కడ గంటలు ఎదురు దిశలో నడుస్తాయి.

అపోహ: దక్షిణపు గోడ మీది గడియారం వేసవిలో పనిచేయడం లేదంటే పాడైపోయినట్టే.

వాస్తవం: కర్కటరేఖకు దక్షిణాన, సూర్యుడు కొన్ని వారాలపాటు మధ్యాహ్నవేళ నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు. 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఇది మే రెండవ వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా సాగుతుంది. ఆ రోజుల్లో దక్షిణపు గోడకు మధ్యాహ్నం ఎండే తగలదు. ఎదురు చూడండి, అంతే.

అపోహ: మెరిసేలా తోమితే గడియారం బాగుపడుతుంది.

వాస్తవం: తిప్పడం తరువాత మమ్మల్ని ఎక్కువగా బాధించేది ఇదే. ఇత్తడి మీద పట్టిన ముదురు పొర లోహాన్ని కాపాడుతుంది. గరుకు పాలిష్ ఆ పొరతోపాటు చేసినవాడి పేరునూ, గీతలు గీయడానికి ముందు అతడు సన్నగా గీసుకున్న ఆనవాళ్ళనూ తీసుకుపోతుంది. ఆ ఆనవాళ్ళే మాకు అక్షరాలు. రాతి మీద ఆమ్లం, తీగ బ్రష్షు వాడకూడదు. ఇంగ్లండులో మధ్యయుగపు చర్చి గోడల మీద చిన్న గీతలుగా మిగిలిన ప్రార్థన గడియారాలు పట్టపగలు కంటికి ఆనవు. చీకటి పడ్డాక టార్చిని గోడకు దాదాపు ఆనించి పక్క నుంచి వెలుతురు వేస్తే ఒక్కొక్క గీతా లేచి కనిపిస్తుంది. ఒక్కసారి గట్టిగా రుద్దిన గోడ మీద ఏ వెలుతురూ ఏమీ చూపదు. రంగులు వేసిన గోడ గడియారాలైతే మళ్ళీ రంగు వేసే ముందు ఉన్నది ఉన్నట్టుగా నకలు తీసుకోవాలి.

ఈ విషయంలో ఒక పెద్దావిడ నాకు ఫోన్ చేశారు. గోడకు సున్నం వేసేటప్పుడు పనివాళ్ళు శంకువును పీకి పక్కన పెట్టారనీ, ఏ కోణంలో ఉండేదో ఎవరికీ గుర్తులేదనీ, పూర్వీకుల వస్తువును తన చేతులారా నాశనం చేశాననీ ఆవిడ గొంతు వణికింది. అంత భయం అక్కరలేదు. గంటల గీతలు మిగిలి ఉంటే, అవి కలిసే బిందువునూ వాటి మధ్య కోణాలనూ కొలిచి, ఆ గోడ ఎటు చూస్తోందో, గడియారం ఏ అక్షాంశానికి గీసిందో, శంకువు ఏ కోణంలో నిలవాలో వెనక్కి లెక్కగట్టవచ్చు. ఆవిడ గోడ మీద గీతలు ఉన్నాయి. తిరిగి బిగించేటప్పుడు మాత్రం ఇనుప మేకులు వద్దన్నాము. ఇనుము తుప్పుపట్టి ఉబ్బి రాతిని చీలుస్తుంది, కంచు గానీ తుప్పుపట్టని ఉక్కు గానీ వాడాలి.

అపోహ: ఫలకం మీద 1600ల నాటి సంవత్సరం చెక్కి ఉంటే అది ఆ కాలానిదే.

వాస్తవం: పాత తేదీలతో పోతపోసిన అలంకార ఫలకాలు లెక్కలేనన్ని తయారయ్యాయి. తేదీని పక్కనపెట్టి గీతలను కొలవండి. క్షితిజ సమాంతర ఫలకం మీద గంటల మధ్య కోణాలు సమానంగా ఉండవు: 17 డిగ్రీల అక్షాంశానికి గీసినదైతే పన్నెండుకూ ఒంటిగంటకూ మధ్య నాలుగున్నర డిగ్రీలే ఉంటుంది, అయిదుకూ ఆరుకూ మధ్య 42 డిగ్రీలకు పైగా ఉంటుంది. సమాన దూరాలలో గంటలు గీసి ఉన్న క్షితిజ సమాంతర ఫలకం ఏ అక్షాంశంలోనైనా, ధ్రువాల దగ్గర తప్ప, బొమ్మ మాత్రమే. ధర చెల్లించిన తరువాత మా దగ్గరకు తెచ్చేవారికి ఈ మాట చెప్పడం నాకు ఇష్టమైన పని కాదు.

అపోహ: సంఘానికి తెలియజేస్తే గడియారాన్ని పట్టుకుపోతారు, లేదా చిరునామా బయటపడి దొంగలు వస్తారు.

వాస్తవం: 1989లో ఏర్పడిన బ్రిటిష్ సన్‌డయల్ సొసైటీ గానీ, 1994లో ఏర్పడిన ఉత్తర అమెరికా సంఘం గానీ, మా వంటి చిన్న సంఘాలు గానీ అధికార సంస్థలు కావు, ఎవరి వస్తువు మీదా వాటికి హక్కు లేదు. మేము చేసేది నమోదు, సలహా, అధ్యయనం. దొంగతనం భయం మాత్రం నిజమైనదే, ఇత్తడి ఫలకాలు పోతూనే ఉన్నాయి. అందుకే యజమాని కోరితే ఖచ్చితమైన చోటును మేము ప్రచురించము. పైగా పోయిన ఫలకం ఎక్కడైనా అమ్మకానికి వచ్చినప్పుడు గుర్తుపట్టడానికి నమోదులోని కొలతలూ ఫోటోలే ఆధారం.

మాకు రాసేటప్పుడు నాలుగు విషయాలు పంపండి: ఫలకానికి నేరుగా ఎదుటి నుంచి తీసిన ఫోటో, పక్క నుంచి శంకువు కోణం తెలిసేలా మరొకటి, ఫలకం కొలతలు, దాని మీద ఉన్న రాత అంతా తప్పులతో సహా. శంకువు ఊడి విడిగా దొరికితే పారేయకండి. ఏ వైపు పైకి ఉండేదో తెలిస్తే చీటీ మీద రాసి దానికే కట్టి ఉంచండి.