రంగుల గడియారం ఉన్న గది

ప్రియమైన పిల్లలూ,

యుద్ధం అనగానే మీకు తుపాకులు, విమానాలు గుర్తొస్తాయి. నేను మీకు ఒక గది గురించి చెప్తాను. లండన్‌కు పడమటి అంచున, అక్స్‌బ్రిడ్జ్‌లో, నేలకు సుమారు 60 అడుగుల కింద ఉంది అది. 1940లో జర్మన్ విమానాలు బ్రిటన్ మీద విరుచుకుపడుతుంటే లండన్‌నూ ఆగ్నేయ ఇంగ్లండ్‌నూ కాపాడే పోరును అక్కడి నుంచే నడిపారు.

మధ్యలో పెద్ద మ్యాప్ ఉన్న బల్ల. చుట్టూ హెడ్‌ఫోన్లు పెట్టుకున్న అమ్మాయిలు, చాలామంది చిన్న వయసు వాళ్లే. తీరంలోని రాడార్లు, ఆకాశాన్ని కనిపెట్టుకుని ఉండే వాలంటీర్లు పసిగట్టిన సమాచారం ఫోన్‌లో అందగానే, పొడుగు కర్రలతో గుర్తుల్ని మ్యాప్ మీద జరిపేవారు. పైన గ్యాలరీలో కూర్చున్న అధికారి అది చూసి, ఏ స్క్వాడ్రన్ (యుద్ధవిమానాల దళం) ఎప్పుడు లేవాలో నిర్ణయించేవారు.

నాకు బాగా నచ్చేది అక్కడి గోడ గడియారం. ఐదేసి నిమిషాలకు ఒక రంగు: ఎరుపు, పసుపు, నీలం, మళ్లీ ఎరుపు. ముల్లు ఏ రంగు మీద ఉంటే ఆ రంగు బాణమే బల్ల మీద పెట్టాలి. ఇక ఎవరినీ అడగక్కర్లేదు, బాణం చూస్తే చాలు, ఆ కబురు ఎంత పాతదో తెలిసిపోతుంది. ఐదు నిమిషాల్లో బాంబర్ దాదాపు పాతిక కిలోమీటర్లు ముందుకొచ్చేస్తుంది మరి! శత్రువు ఎక్కడున్నాడో తెలిస్తే సరిపోదు, అది ఎప్పటి మాటో కూడా తెలియాలి. ఇంత కష్టమైన సంగతిని మూడు రంగులతో తేల్చేసినవాళ్ల తెలివికి దండం పెట్టాలనిపిస్తుంది.

సెప్టెంబర్ 15న ప్రధాని చర్చిల్ ఆ గదిలోనే ఉన్నారు. గోడ బోర్డు మీది దీపాలు స్క్వాడ్రన్లన్నీ పోరులో దిగాయని చూపిస్తున్నాయి. రిజర్వులో ఇంకేం ఉన్నాయని ఆయన అడిగితే, కమాండర్ కీత్ పార్క్ ఏమీ లేవన్నారు. ఎంత టెన్షన్‌గా ఉండి ఉంటుందో ఊహించండి.

కంపెనీల్లోనూ ఇలా అందరినీ ఒకేచోట చేర్చే గదులున్నాయి. 1990లలో టయోటాలో తకెషి ఉచియమడ ఒక కొత్త కారు బాధ్యత తీసుకున్నారు. అంతకుముందు ఆయన ఏ కారుకూ చీఫ్ ఇంజినీర్‌గా చేయలేదు. అందుకే రకరకాల విభాగాల నిపుణుల్ని ఒకే పెద్ద గదిలో కూర్చోబెట్టారు. అలా తయారైన ప్రియస్ 1997 డిసెంబర్‌లో జపాన్ మార్కెట్లోకి వచ్చింది.

అక్స్‌బ్రిడ్జ్ గది ఇప్పుడు మ్యూజియం. చదువుకో ఉద్యోగానికో లండన్ వెళ్తే తప్పకుండా మెట్లు దిగి చూడండి. చూశాక నాకు ఉత్తరం రాయండి.

ప్రేమతో,
మీ తాతయ్య