కోడ్ కనిపిస్తోంది కదా అని వాడేస్తే

ఓపెన్ సోర్స్‌లో కోడ్ అందరికీ కనిపిస్తుంది, ఎన్‌క్యాప్సులేషన్ అనే ప్రోగ్రామింగ్ పద్ధతి ఏమో లోపలి సంగతులు దాచమంటుంది, మరి ఈ రెండిటికీ ఎలా పొసగుతుంది అని చాలామందికి డౌటు. ఇక్కడ దాచడం అంటే కంటికి కనపడకుండా చెయ్యడం కాదండీ. డేవిడ్ పార్నాస్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1972లో రాసిన పేపర్‌లో చెప్పిందేంటంటే, రేపు మారొచ్చు అనిపించే ప్రతి నిర్ణయాన్నీ ఒక మాడ్యూల్ (ప్రోగ్రామ్‌లో విడిగా ఉండే ఒక భాగం) లోపల పెట్టండి, మిగతా కోడ్ దాన్ని నమ్ముకుని ఉండకూడదు అని. చదువుకోవచ్చు, నమ్ముకోకూడదు, అంతే. ప్రోగ్రామర్లందరికీ అన్ని భాగాల లోపలి సంగతులూ తెలిసుండాలని 1975లో వాదించిన ఫ్రెడ్ బ్రూక్స్ అనే ఇంకో కంప్యూటర్ శాస్త్రవేత్త కూడా 20 ఏళ్ళ తర్వాత పార్నాసే కరెక్ట్, నాదే తప్పు అని ఒప్పుకున్నాడు.

ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ సంగతే చూడండి. దానికి అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు, అంటే పాత యాడ్‌ఆన్‌లు, బ్రౌజర్ లోపల ఎక్కడ కావాలంటే అక్కడ చెయ్యి పెట్టేవి, మెనూలు, ట్యాబ్‌లు, ఏదైనా మార్చేసేవి, జనానికి అందుకే అవంటే అంత ఇష్టం. కానీ లోపల ఏదో చిన్నది సర్దినా ఎక్కడో ఒక యాడ్‌ఆన్ పనిచెయ్యడం మానేసేది, ఒక పేజీ క్రాష్ అయితే మొత్తం బ్రౌజర్ పడిపోకుండా పేజీల్ని వేరే ప్రాసెస్‌లో (విడిగా నడిచే ప్రోగ్రాములా) నడుపుదామంటే అన్నీ ఒకే ప్రాసెస్‌లో ఉంటాయనుకుని రాసిన యాడ్‌ఆన్‌లు అడ్డం వచ్చేవి. చివరికి 2017 నవంబర్‌లో ఫైర్‌ఫాక్స్ 57 వాటన్నిటినీ ఆపేసి, హద్దులున్న వెబ్‌ఎక్స్‌టెన్షన్స్ అనే రకం యాడ్‌ఆన్‌లు మాత్రమే ఉంచింది. ఏళ్ళ తరబడి రాసుకున్న పని పోయిందని చాలామంది బాధపడ్డారు, ఆ బాధ న్యాయమైనదే. ఆ హద్దు మొదట్లోనే గీసుంటే ఇంత నష్టం ఉండేది కాదని నాకనిపిస్తుంది.

లినక్స్ కెర్నల్‌ది (ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయలాంటి భాగం) ఇంకో దారి, నాకు బాగా నచ్చింది ఇదే. బయట ప్రోగ్రాములు కెర్నల్‌ని పని అడగడానికి వాడే సిస్టమ్ కాల్స్‌ని చెడగొట్టకూడదు అన్నది అక్కడ చాలా గట్టి రూలు, కానీ హార్డ్‌వేర్‌ని నడిపించే డ్రైవర్లు వాడే లోపలి ఫంక్షన్లకి ఏ హామీ లేదు, ఎప్పుడైనా మారిపోతాయి. మరి డ్రైవర్ల గతేంటి అంటే, కెర్నల్ సోర్స్‌లోనే ఉన్న డ్రైవర్లని ఆ ఫంక్షన్ మార్చినవాళ్ళే సరిచెయ్యాలి, దాన్ని ఎవరెవరు పిలుస్తున్నారో మొత్తం కళ్ళముందే ఉంటుంది కాబట్టి అది కుదురుతుంది. అంటే ఓపెన్‌గా ఉండటం వల్లే లోపల అంత స్వేచ్ఛగా మార్చుకోగలుగుతున్నారు! బయట విడిగా ఉంచుకున్న డ్రైవర్లకి మాత్రం ఈ సుఖం లేదు, కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా వాళ్ళే సరిచూసుకోవాలి.

పైథాన్‌లో అయితే పేరు ముందు ఒక అండర్‌స్కోర్ పెడతారు, ఇది లోపలి వ్యవహారం అని చెప్పడానికి. భాష ఆపదు, వాడితే పనిచేస్తుంది కూడా. కానీ అది రేపు మారిపోవచ్చు. అలాంటి లోపలిది నిజంగానే అవసరమైతే, ఎందుకు కావాలో ప్రాజెక్టు వాళ్ళకి చెప్పి ప్యాచ్ (కోడ్‌లో మీరు చేసిన మార్పు) పంపండి, దాన్ని పబ్లిక్ చేసినా చేస్తారు, లేదంటే మనకి తెలియని ఇంకో దారి ఏదైనా ఉంటే చూపిస్తారు.