ఊపిరితిత్తుల వ్యాధులు, రోగనిరోధక కణాలు, కంప్యూటర్ లెక్కలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: లక్ష కణాలను పరిశీలించారంటే ఫలితానికి ఇక తిరుగులేదు.

వాస్తవం: ఊపిరితిత్తుల కణాలను ఒక్కొక్కటిగా కొలిచి కంప్యూటర్‌తో విశ్లేషించే మా రంగంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టే నమ్మకం ఇదే. ఒక్కో కణంలో ఏ జన్యువు ఎంత చురుగ్గా ఉందో దానిలోని ఆర్‌ఎన్‌ఏను బట్టి అంచనా వేస్తాం. ఆ లక్ష కణాలూ ఆరుగురు రోగులవే అయితే, రోగుల గురించి చెప్పడానికి మన దగ్గరున్నది ఆరుగురి సాక్ష్యమే. వయసు, పొగతాగే అలవాటు, వాడుతున్న స్టెరాయిడ్లు ఒక మనిషి కణాలన్నిటిపైనా తమ ముద్ర వేస్తాయి. అలాంటప్పుడు ప్రతి కణాన్నీ విడి సాక్షిగా లెక్కిస్తే, లేని తేడాలు కుప్పలుగా కనిపిస్తాయి. అందుకే ఒక్కో రోగి కణాలను రకాలవారీగా కూడి, ఆ తర్వాతే రోగులను పోల్చాలి. 2023లో వెలువడిన మానవ ఊపిరితిత్తుల కణ అట్లాస్‌లో సుమారు 24 లక్షల కణాలున్నాయి. నాకు అంతకంటే విలువైన అంకె 486. ఆ కణాలు అంతమంది మనుషుల నుంచి వచ్చాయి.

అపోహ: డేటాలో కనిపించని కణం ఊపిరితిత్తుల్లో లేనట్టే.

వాస్తవం: న్యూట్రోఫిల్స్ అనే తెల్లరక్తకణాలు సున్నితమైనవి, వాటిలో ఆర్‌ఎన్‌ఏ కూడా తక్కువ. కణజాలాన్ని విడదీసేటప్పుడే చాలా నశిస్తాయి. మిగిలినవాటిని నాణ్యత వడపోత పనికిరానివని తీసేయవచ్చు. శ్వాసకు దీర్ఘకాలం అడ్డుపడే ఊపిరితిత్తుల వ్యాధి సీఓపీడీలో వాటి పాత్ర పెద్దది కాబట్టి, కణజాలపు పొరను రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూడకుండా నేను ఏ నిర్ణయానికీ రాను.

అపోహ: కణాలను చుక్కలుగా చూపే రంగుల పటంలో పక్కపక్కనున్న గుంపులు దగ్గరి చుట్టాలు.

వాస్తవం: ఒక్కో కణంలోని వేల జన్యువుల కొలతలను పటం గీయడానికి రెండింటికి కుదించినప్పుడు గుంపుల మధ్య దూరాలు చెదిరిపోతాయి. ఆ దూరాలను నమ్మకండి.

అపోహ: వాపు కనిపిస్తే రోగనిరోధక కణాలను అణచివేస్తే సరి.

వాస్తవం: కారణం తెలియని ఫైబ్రోసిస్ (ఊపిరితిత్తులు మచ్చకట్టే వ్యాధి) ఉన్నవారికి రోగనిరోధక శక్తిని అణచే ప్రెడ్నిసోన్, అజాథయోప్రిన్ మందులు, ఎన్-అసిటైల్‌సిస్టీన్ కలిపి ఇస్తే మరణాలు పెరిగాయని 2012లో వెలువడిన పరిశోధన చూపింది. ఇసినోఫిల్స్ అనే తెల్లరక్తకణాలను తగ్గించడానికి ఉబ్బసంలో ఇచ్చే మెపోలిజుమాబ్‌ది వేరే కథ. రోగులను ప్రత్యేకంగా ఎంచుకోకుండా ఇచ్చిన తొలి ప్రయోగాల్లో అది పెద్దగా పనిచేయలేదు. ఇసినోఫిల్స్ ఎక్కువగా ఉన్నవారికే ఇచ్చిన 2009 నాటి ప్రయోగాల్లో ఉబ్బసం తీవ్రమయ్యే సందర్భాలు తగ్గాయి. ఇసినోఫిల్స్‌ను మామూలు రక్తపరీక్షలో లెక్కించవచ్చు. ఫైబ్రోసిస్‌లో మచ్చకట్టే చోట్ల పోగయ్యే ఎస్‌పీపీ1 మాక్రోఫేజ్‌లకు (ఎస్‌పీపీ1 జన్యువు చురుగ్గా ఉండే ఒక రకం రోగనిరోధక కణాలకు) అంత సులువైన పరీక్ష ఇంకా చేతికి రాలేదు. ఈ లెక్కలన్నిటిలో నాకు ముందు కావలసింది అలాంటి పరీక్షే.