తూకం ఆగింది, చిల్లు మూసుకుపోలేదు

ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు. బరువు తగ్గడానికి స్లీవ్ ఆపరేషన్ (జీర్ణాశయంలో చాలాభాగం కోసి తీసేసేది) చేయించుకుని అయిదు నెలలయిందట. మొదటి రెండు నెలలూ తూకం మిషన్ ఎక్కడం కోసం తెల్లవారడమే ఆలస్యంగా ఉండేదట. ఇప్పుడు మూడు వారాలుగా అంకె కదలడం లేదు. "నా పొట్ట మళ్ళీ సాగిపోయిందా? తిండి తగ్గించాను, ఇంకా తగ్గిస్తున్నాను. ఇంత కోయించుకుని కూడా నా వల్ల కాలేదంటే ఇక దేనివల్ల అవుతుంది? నడకకి వెళ్ళబుద్ధి కావడం లేదు" అని రాశారు. చివర్లో చిన్న ప్రశ్న ఇంకొకటి: ఈ విటమిన్ మాత్రలు ఎన్నాళ్ళు మింగాలి?

నేను డాక్టర్ని కాను, ఫిజిక్స్ పాఠాలు చెప్పినవాణ్ణి. కానీ ఆ మొదటి ప్రశ్న అచ్చంగా ఫిజిక్స్ ప్రశ్న. అందుకే చదివిన దగ్గర్నుంచీ మనసులో తిరుగుతూనే ఉంది. ఆపరేషన్‌లో ఏం కోస్తారు, ఏం కుడతారు అన్నది డాక్టర్లు బొమ్మ గీసి మరీ చెబుతారు కాబట్టి అదంతా వదిలేసి నేరుగా తొట్టి దగ్గరికి వెళ్తాను.

చిన్నప్పుడు మనందరం చేసిన లెక్కే. "ఒక కుళాయి తొట్టిని 6 గంటల్లో నింపును. అడుగున ఉన్న గొట్టం 8 గంటల్లో ఖాళీ చేయును. రెండూ తెరిచిన తొట్టి ఎన్ని గంటల్లో నిండును?" జవాబు 24 అని ఠక్కున చెప్పేవాళ్ళం. ఈ లెక్క దశాబ్దాలుగా పిల్లలకి ఒక తప్పుడు సంగతి నేర్పుతోందని నా బాధ. తొట్టి నిండుగా ఉన్నా, అడుగున బెత్తెడు నీళ్ళే ఉన్నా గొట్టం ఒకే వేగంతో ఖాళీ చేస్తుందని అందులో ఊహ. నిజం తొట్టి అలా నడవదు. నీళ్ళు ఎత్తుగా ఉంటే అడుగున ఒత్తిడి ఎక్కువ, ధార జోరుగా పోతుంది. మట్టం తగ్గేకొద్దీ ధార నీరసపడుతుంది. ఆ వేగం నీటి ఎత్తు వర్గమూలాన్ని బట్టి ఉంటుందని ఇటలీ శాస్త్రవేత్త టొరిచెల్లి 17వ శతాబ్దంలోనే చెప్పాడు. ఎత్తు నాలుగో వంతుకి పడిపోతే వేగం సగమవుతుంది.

దీన్ని తరగతిలో చూపించడానికి రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసా ఒకటి చాలు. మెడ కోసేసి, అడుగుకి వేలెడు పైన కాల్చిన మేకుతో చిల్లు పెట్టాలి. కుళాయి కింద ఉంచి, నీళ్ళు పైదాకా నిలబడేలా ధారని సర్దాలి. తర్వాత కుళాయిని కాస్త బిగించి, నిమిషానికోసారి మట్టం దగ్గర మార్కర్‌తో గీత గీయాలి. మొదటి రెండు గీతల మధ్య రెండు వేళ్ళు పడతాయి. ఆ తర్వాత ఒక వేలు, తర్వాత గోరు మందం, ఆ తర్వాత గీత మీదే గీత. ఒకసారి ఇక్కడికి రాగానే ఒక పిల్లాడు "చిల్లు మూసుకుపోయింది సార్" అని అరిచాడు. పక్కనున్న అమ్మాయి చిల్లు దగ్గర వేలు పెట్టి చూసి, తడిచిన చెయ్యి పైకెత్తి అందరికీ చూపించింది. నీళ్ళు కారుతూనే ఉన్నాయి. కుళాయిలోంచి వచ్చేదీ చిల్లులోంచి పోయేదీ సమానమయ్యాయి, అంతే. కుళాయిని బిగించిన పని వృథా కాలేదు. మట్టం తగ్గడమూ ఆ పని వల్లే, తగ్గి అక్కడ నిలబడటమూ ఆ పని వల్లే.

ఇక శరీరం. కుళాయి అంటే తిండి, మట్టం అంటే బరువు, చిల్లు అంటే మనం రోజూ ఖర్చు చేసే శక్తి. పెద్ద శరీరాన్ని మోయడానికి, వెచ్చగా ఉంచడానికి, అంత రక్తాన్ని తిప్పడానికి ఎక్కువ శక్తి కావాలి. బరువు తగ్గితే ఖర్చూ తగ్గుతుంది. కిలో కొవ్వుకి సుమారు 7,700 కేలరీలు కాబట్టి రోజుకి 500 తగ్గిస్తే ఏడాదికి 23, 24 కిలోలు పోతాయని చాలామంది లెక్క కడతారు. అదే స్కూలు తొట్టి లెక్క. ఆ లెక్కన కొన్నేళ్ళకి మనిషే మిగలకూడదు! అమెరికాలో శరీర బరువు మీద పరిశోధన చేసే కెవిన్ హాల్ బృందం 2011లో వేసిన అంచనా నిజం తొట్టికి దగ్గరగా ఉంటుంది. రోజూ తినేదాంట్లో శాశ్వతంగా తగ్గించిన ప్రతి 24 కేలరీలకి చివరికి ఒక కిలో తగ్గుతుంది, అందులో సగం తగ్గడానికే ఏడాది పడుతుంది. అంటే 500 తగ్గిస్తే చివరికి పోయేది దాదాపు 20 కిలోలు. ఆ తర్వాత తూకం ఆగడం ఖాయం. ఆపరేషన్ తర్వాత కుళాయి ఒక్కసారిగా బాగా బిగుసుకుంటుంది కాబట్టి మొదటి గీతలు దూరదూరంగా పడతాయి, తర్వాతివి దగ్గరవుతాయి. చాలామందిలో ఏడాదికో, ఏడాదిన్నరకో గీత మీద గీత పడుతుంది.

మరి ఈ పాఠకురాలికి అయిదు నెలలకే ఎందుకు ఆగింది? బహుశా ఆగలేదు. తొట్టిలో నీళ్ళ మీద అలలుంటాయి. ఉప్పు, మలబద్ధకం, నెలసరి, కొత్తగా మొదలుపెట్టిన వ్యాయామం వల్ల కండరాల్లో చేరే నీరు, ఇవన్నీ కలిసి తూకాన్ని కిలో, రెండు కిలోలు అటూ ఇటూ ఊపుతాయి. వారానికి రెండు కిలోలు తగ్గే రోజుల్లో ఆ ఊపు కనబడదు. వారానికి అరకిలో తగ్గే రోజు వచ్చేసరికి అల ఎత్తు, మట్టం తగ్గుదల ఒకదాన్నొకటి కప్పేస్తాయి. ఆవిడ మూడు వారాలుగా చూస్తున్నది అలని.

అల కంటే మోసం చేసేది రాయి. తొట్టిలో రాయి వేస్తే కుళాయి తిప్పకుండానే మట్టం లేస్తుంది కదా. మన కాలేయంలో, కండరాల్లో గ్లైకోజెన్ అనే పిండిపదార్థం సుమారు అరకిలో నిల్వ ఉంటుంది. ప్రతి గ్రామూ దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టుకుని కూర్చుంటుంది. ఆపరేషన్ తర్వాత ద్రవాల మీదే ఉన్న మొదటి రోజుల్లో ఆ నిల్వ కరిగి, దాంతోపాటు నీరూ పోతుంది. అది రాయిని బయటికి తీయడం. మెత్తటి ఆహారం మొదలుపెట్టాక నిల్వ కొంత నిండుతుంది. రాయి మళ్ళీ పడింది. కొవ్వు కరుగుతూనే ఉన్నా తూకం నిలబడిపోతుంది. ఆపరేషన్ అయిన మూడో వారంలో చాలామందికి వచ్చే ఆగుడు వెనక ఇదొక పెద్ద కారణం.

ఇక్కడే ఒక మూఢనమ్మకం గురించి గట్టిగా చెప్పాలి. 'పౌచ్ రీసెట్' అని ఒక పద్ధతి ప్రచారంలో ఉంది. అయిదు రోజులు మళ్ళీ ద్రవాలే తాగితే సాగిన పొట్ట కుంచించుకుపోతుందట. కడుపు గోడ రబ్బరు బెలూను కాదు, అయిదు రోజులు పస్తుంటే చిన్నదవడానికి. ఆ అయిదు రోజుల్లో రెండు కిలోలు తగ్గడం మాత్రం నిజం, ఎందుకంటే రాయిని తీశారు. ఆరో రోజు మామూలుగా తినగానే రాయి పడుతుంది, మనిషి కుంగిపోతాడు, మళ్ళీ ఇంకో రీసెట్. తాయెత్తుకీ దీనికీ నాకు తేడా కనబడదు. అన్నట్టు, మొదటి నెలలో నాలుగు చెంచాలకే నిండిన పొట్ట అయిదో నెలలో ఇంకాస్త పట్టడం వాపు తగ్గడం వల్ల జరిగే సహజమైన మార్పు.

చిల్లు గురించి ఇంకొంచెం. బరువు వేగంగా తగ్గుతుంటే కొవ్వుతోపాటు కండ కూడా పోతుంది. కండ పోతే చిల్లు ఇరుకవుతుంది. ఆవిడ "ఇంకా తగ్గిస్తున్నాను" అని రాసిన చోట నాకు భయం వేసింది. అక్కడ తగ్గేది చాలాసార్లు ప్రోటీనే. ఈ ఆపరేషన్లయినవాళ్ళకి రోజుకి కనీసం 60 గ్రాముల ప్రోటీన్ అందాలని నిపుణులు చెబుతారు. చిన్న పొట్టలో అంత పట్టాలంటే ప్రతి భోజనంలోనూ ముందు తినవలసింది అదే. నడకతోపాటు డాక్టర్ ఒప్పుకున్నాక బరువులెత్తే వ్యాయామం కూడా కావాలి, కండని నిలబెట్టేది అదే. మూడో నెల నుంచి జుట్టు రాలడం చాలామందిని బెదరగొడుతుంది. ఒంటికి తగిలిన దెబ్బకి వెంట్రుకలు ఒకేసారి విశ్రాంతి దశలోకి వెళ్ళి, రెండు మూడు నెలలకి కలిసి రాలతాయి. పోషణ సరిగ్గా ఉంటే తిరిగి వస్తాయి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. కుళాయి మీద ఎవరి చెయ్యి ఉంది? మనదే అనుకుంటాం. కెవిన్ హాల్ బృందమే 2016లో దీన్ని కొలిచింది. మూత్రంలో చక్కెరని బయటికి పంపే డయాబెటిస్ మందు ఒకటుంది, కానాగ్లిఫ్లోజిన్. అది వేసుకున్నవాళ్ళు తమకి తెలియకుండానే రోజూ కొన్ని వందల కేలరీలు పోగొట్టుకుంటారు. డైటింగ్ చేస్తున్నామన్న ఆలోచనే లేదు కాబట్టి వాళ్ళ ఆకలి ఎలా మారిందో లెక్కతేల్చడం వీలయింది. తగ్గిన ప్రతి కిలోకి ఖర్చు రోజుకి 20 నుంచి 30 కేలరీలు పడిపోతుంది, ఆకలి మాత్రం రోజుకి 100 కేలరీలు పెరుగుతుంది. అంటే పది కిలోలు తగ్గినవాడి కుళాయిని లోపలి చెయ్యి ఒకటి రోజూ వెయ్యి కేలరీల మేర తెరవడానికి లాగుతూ ఉంటుంది. డైటింగ్ చేసి ఓడిపోయినవాళ్ళని బద్ధకస్తులని తిట్టేవాళ్ళకి ఈ అంకె చూపించాలని ఉంటుంది నాకు.

ఆపరేషన్ చేసేది ఆ లోపలి చేతి పట్టు సడలించడం. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్‌ని 1999లో జపాన్ శాస్త్రవేత్తలు కనుక్కున్నారు. అది ఎక్కువగా తయారయ్యేది జీర్ణాశయం పైభాగంలో, సరిగ్గా స్లీవ్‌లో కోసి తీసేసే చోట. 2002లో వచ్చిన ఒక అధ్యయనంలో డైటింగ్‌తో బరువు తగ్గినవాళ్ళలో గ్రెలిన్ 24 శాతం పెరిగింది. జీర్ణాశయ బైపాస్ (పొట్టని చిన్న సంచీలా చేసి పేగుకి కలిపే ఇంకో ఆపరేషన్) అయినవాళ్ళలో మాత్రం మామూలు బరువున్నవాళ్ళకన్నా 77 శాతం తక్కువ ఉంది. బైపాస్ విషయంలో తర్వాతి అధ్యయనాలన్నీ ఒకేలా రాలేదు గానీ, స్లీవ్ తర్వాత గ్రెలిన్ పడిపోవడం మళ్ళీ మళ్ళీ కనబడింది. కథ గ్రెలిన్‌తో అయిపోదు. తిండి త్వరగా చిన్నపేగు కిందిభాగానికి చేరడంతో అక్కడి ఎల్ కణాలు జీఎల్‌పీ-1, పీవైవై అనే హార్మోన్లని పుష్కలంగా వదిలి, మెదడుకి చాలు అని చెబుతాయి. పైత్యరసంలోని ఆమ్లాలకీ పాత్ర ఉంది. వాటిని గుర్తించే ఎఫ్ఎక్స్ఆర్ అనే గ్రాహకం లేకుండా పుట్టించిన ఎలుకలకి 2014లో స్లీవ్ చేసి చూశారు. పొట్ట చిన్నదయింది, అయినా తగ్గిన బరువు నిలవలేదు. పొట్ట చిన్నదవడమే అసలు సంగతి అయితే ఆ ఎలుకలూ సన్నగానే ఉండిపోవాలి కదా!

చెయ్యి పట్టు సడలడం వేరు, ఊడిపోవడం వేరు. స్వీడన్‌లో 1987లో మొదలైన పెద్ద అధ్యయనంలో 2,010 మంది ఆపరేషన్ చేయించుకున్నారు. వాళ్ళలో బైపాస్ అయినవాళ్ళు మొదటి రెండేళ్ళలో సగటున 32 శాతం బరువు తగ్గారు. పదేళ్ళకి చూస్తే తగ్గుదల 25 శాతం. 120 కిలోల మనిషి 38 తగ్గి, తర్వాత 8 పెరిగి, పదేళ్ళ తర్వాత కూడా 30 కిలోలు తక్కువగా ఉన్నాడన్నమాట. ఆ ఎనిమిది కిలోలు వస్తాయని ఆపరేషన్‌కి ముందే చెబితే ఎంతమంది గుండె నిబ్బరంగా ఉండేదో అనిపిస్తుంది. రెండేళ్ళు దాటాక ఆకలి కొంత తిరిగొస్తే అది మనిషి తప్పు కాదు. దాచుకోకుండా డాక్టర్‌తో, డైటీషియన్‌తో చెప్పుకోవలసిన లక్షణం.

కాబట్టి అమ్మా, మీ పొట్ట సాగిపోయినట్టు మీరు రాసినదాంట్లో నాకు ఒక్క ఆధారం కూడా కనబడలేదు. తూకం వారానికి ఒక్కసారి చూడండి, నాలుగు వారాల సగటుని అంతకుముందు నాలుగు వారాల సగటుతో పోల్చండి. అలని దాటి చూడటానికి అదొక మంచి దారి. టేపుతో నడుము కొలవండి, రాయి పడినా టేపు పెద్దగా మోసపోదు. ఎన్ని మెట్లెక్కితే ఆయాసం వస్తోందో రాసి పెట్టుకోండి. నడకకి వెళ్ళబుద్ధి కానప్పుడు పది నిమిషాలే వెళ్ళండి, కానీ రోజూ ఒకే వేళకి వెళ్ళండి. ఉత్సాహం వచ్చాక నడుద్దామనుకుంటే అది రాదు, నడిచిన వారం తర్వాత వస్తుంది. దిగులు రెండు వారాలు దాటి ఉంటే, నిద్ర చెడితే, బతకాలనిపించకపోతే మాత్రం దాన్ని బద్ధకంగా లెక్కకట్టకండి. ఈ ఆపరేషన్ల తర్వాత కొందరిలో దిగులు ముదురుతుందని, మద్యం కూడా త్వరగా తలకెక్కి అలవాటుగా మారే ప్రమాదం పెరుగుతుందని అధ్యయనాలు చూపించాయి. ఆలస్యం చేయకుండా డాక్టర్‌తో మాట్లాడండి. రోజుల తరబడి వాంతులు అవుతుంటే కూడా అంతే. బీ1 విటమిన్ నిల్వ ఒంట్లో రెండు మూడు వారాలకే సరిపోతుంది. వాంతులతోపాటు చూపు రెండుగా కనబడినా, నడక తూలినా అదే రోజు ఆస్పత్రికి వెళ్ళాలి.

ఇక మాత్రలు. జీవితాంతం. బీ12ని పేగు పీల్చుకోవాలంటే జీర్ణాశయం గోడలోని కణాలు వదిలే ఒక ప్రోటీన్ తోడు కావాలి, ఆ గోడలో చాలాభాగం మీకు లేదు. కాలేయంలో బీ12 కొన్నేళ్ళకి సరిపడా నిల్వ ఉంటుంది కాబట్టి మాత్రలు మానేసినా వెంటనే ఏమీ కాదు. అదే ప్రమాదం. బాగానే ఉన్నాను కదా అని మానేసినవాళ్ళకి ఏళ్ళ తర్వాత కాళ్ళలో తిమ్మిరితో తెలుస్తుంది. మీకు ఆరో నెల రక్తపరీక్ష దగ్గరపడింది. బీ12, ఫెర్రిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వని చూపేది), డీ విటమిన్, కాల్షియం ఆ చీటీలో ఉన్నాయో లేదో చూసి, లేకపోతే రాయమని అడగండి.